ముందు యాక్సిల్‌ను బలపరచడం, నీరు చొరకుండా సీలు చేయడం ఎలా?

రాళ్లలో, బురదలో, వాగుల్లో తిరిగే బండికి ముందు యాక్సిల్ రెండు విధాలుగా పాడవుతుంది. ఒకటి, హౌసింగ్ (యాక్సిల్ బయటి ఉక్కు తొడుగు) వంగడం లేదా చిట్లడం. రెండోది, లోపలి ఆయిల్ బయటికి కారడం, బయటి నీరు లోపలికి చొరబడటం. చాలామంది వీటిని రెండు వేర్వేరు పనులుగా చూస్తారు. ఒకసారి వెల్డింగ్ చేయించి, మరోసారి ఎప్పుడో తీరికగా సీళ్లు మార్పిస్తారు. అవి రెండూ ఒకే పని అని నా గట్టి అభిప్రాయం. హౌసింగ్ కాస్త వంగినా, లోపల తిరుగుతూ చక్రాన్ని తిప్పే షాఫ్టు సీలుకు నడిమధ్యలో ఉండదు. సీలు లిప్ (షాఫ్టుకు ఆనే రబ్బరు అంచు) ఒకవైపు నలుగుతుంది, మరోవైపు వదులవుతుంది. అలాంటి హౌసింగ్‌కు ఎంత మంచి సీలు వేసినా కొన్నాళ్లకే కారుతుంది. పైగా, బలం కోసం వేసే వెల్డింగే అజాగ్రత్తగా వేస్తే హౌసింగ్‌ను వంచుతుంది. అందుకే కొలత, వెల్డింగ్, సీలింగ్ ఈ వరుసలో, ఒకే విడతలో చేయాలి.

ఇక్కడ చెప్పేది ఒకే ముక్కగా ఉండే ముందు యాక్సిల్ గురించి. అందులోనూ నకిల్ (స్టీరింగ్ తిప్పితే చక్రంతో పాటు తిరిగే భాగం) లోపల గుండ్రటి బంతి ఉండి, దాని మీద నకిల్ తిరిగే రకం గురించి. పాత టయోటా ల్యాండ్ క్రూజర్లు, సుజుకీ జిమ్నీ, పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ వంటి బండ్లది ఈ పద్ధతే. చిన్న చిన్న తేడాలు ఉంటాయి కాబట్టి మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్ పక్కన పెట్టుకోండి. టార్క్ అంకెలు, బేరింగ్ బిగింపు అంకెలు అందులోవే వాడండి. ఎవరో నోటిమాటగా చెప్పిన అంకెలు వాడకండి.

జబ్బు ఎక్కడుందో ముందు తెలుసుకోండి

విప్పే ముందు బండి కిందికి వెళ్లి చూడండి. చక్రం లోపలివైపు, బంతి వెనక భాగాన్ని వేలితో తుడవండి. బంతి మీద పలుచని గ్రీజు పొర ఉండటం సహజం. అలా కాకుండా నల్లగా, పలుచగా, చారులా కారుతూ ఉంటే, వేలికి గేర్ ఆయిల్ ఘాటు వాసన అంటితే, లోపలి యాక్సిల్ సీలు పోయినట్టే. డిఫరెన్షియల్‌ (యాక్సిల్ నడిమి గుండులో ఉండే గేర్ల అమరిక) లోని ఆయిల్ సీలు దాటి నకిల్‌లోకి చేరి గ్రీజును కరిగిస్తోంది. దీనివల్ల రెండు వైపులా నష్టం ఉంది. నకిల్ లోపలి షాఫ్టు జాయింటుకు అతుక్కుని ఉండాల్సిన గ్రీజు పలుచబడి కారిపోతుంది, డిఫరెన్షియల్‌లో ఆయిల్ మట్టం తగ్గుతుంది.

తర్వాత డిఫరెన్షియల్ డ్రెయిన్ ప్లగ్ కొద్దిగా వదులు చేసి, మొదట వచ్చే చుక్కలను ఒక గాజు సీసాలో పట్టండి. ఆయిల్ కన్నా నీరు బరువు కాబట్టి కదలకుండా నిలిచిన బండిలో అది అడుగున చేరి ముందు వస్తుంది. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీరు చొరబడి చాలాకాలమైంది. అప్పుడు బేరింగ్‌లను కూడా విప్పి చూడక తప్పదు.

సీలును నిందించే ముందు బ్రీదర్ చూడండి. హౌసింగ్ పైన ఉండే చిన్న మూత అది. మట్టి పట్టి మూసుకుపోతే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించినప్పుడు బయటికి పోయే దారి ఉండదు. ఆ ఒత్తిడికి సీళ్ల అంచుల నుంచి ఆయిల్ బయటికి తోసుకొస్తుంది. సీళ్లు బాగానే ఉండి, ఒక్క బ్రీదర్ మూసుకుపోవడం వల్లే కారే బండ్లు ఉంటాయి.

చివరిగా వంపు. బండిని సమతలంగా ఉన్న నేల మీద నిలిపి, అయస్కాంతంతో అంటుకునే కోణమాపకాన్ని రెండు వైపులా బ్రేక్ డిస్కుకో, హబ్ చదునైన ముఖానికో పెట్టి క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఎంత వాలిందో చెప్పే కోణం) కొలవండి. రెండు అంకెలూ రాసుకోండి. హౌసింగ్ భారానికి వంగినప్పుడు రెండు చివరలు పైకి లేస్తాయి. అంటే చక్రాల పైభాగాలు లోపలికి వాలతాయి. మాన్యువల్ చెప్పిన అంకె కన్నా వాలు ఎక్కువగా ఉంటే, లేదా ఒకవైపుకు మరోవైపుకు స్పష్టమైన తేడా ఉంటే, కింగ్‌పిన్ (నకిల్ తిరిగే ఇరుసు) బేరింగ్‌లు వదులయ్యాయేమో ముందు చూడండి. చక్రం గాల్లో ఉండగా పైన, కింద పట్టుకుని ఊపి చూస్తే తెలుస్తుంది. ఆ ఊగులాట వీల్ బేరింగ్‌ది కూడా కావచ్చు కాబట్టి, మరొకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమనండి. అప్పుడూ ఊగితే కింగ్‌పిన్‌ది, ఆగిపోతే వీల్ బేరింగ్‌ది. రెండూ గట్టిగా ఉండి క్యాంబర్ తప్పుగా ఉంటే హౌసింగ్ వంగిందని అర్థం.

విప్పడం

బండిని జాకీ మీద వదిలి కిందికి దూరవద్దు. ఛాసిస్ కింద దృఢమైన స్టాండ్లు పెట్టండి. వెల్డింగ్ చేయాలనుకుంటే యాక్సిల్‌ను బండి నుంచి పూర్తిగా దించడమే మంచిది. బండి కిందే ఉంచి పడుకుని వేసే వెల్డింగ్ సరిగా కుదరదు, మీద నిప్పురవ్వలు పడతాయి, పక్కనే బ్రేక్ పైపులు ఉంటాయి.

విప్పే క్రమం తెలిసిందే: చక్రం, బ్రేక్ కాలిపర్, లాకింగ్ హబ్, వీల్ బేరింగ్‌లు, స్పిండిల్ (వీల్ బేరింగ్‌లు కూర్చునే బోలు ఇరుసు), షాఫ్టు, నకిల్. కాలిపర్‌ను బ్రేక్ హోసుకు వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టండి. కొన్ని టయోటాల్లో షాఫ్టు బయటికి రావాలంటే జాయింటు గిన్నె మీద ఉన్న రెండు చదును భాగాలు పైకీ కిందికీ ఉండేలా తిప్పాలి. బలవంతంగా లాగితే రాదు. స్టీరింగ్ ఆర్మ్ స్టడ్‌ల మీద ఉండే శంకువు ఆకారపు వాషర్లు పట్టేసి ఉంటాయి. నట్టును స్టడ్ చివరి దాకా వదులు చేసి, ఆర్మ్ మీద స్టడ్ పక్కన ఇత్తడి పంచ్‌తో గట్టిగా కొడితే అవి ఎగిరి వస్తాయి.

ఇక్కడ తప్పక చేయాల్సినది ఒకటి ఉంది. కింగ్‌పిన్ పైన, కింద ఉండే పలుచటి షిమ్‌లను కలపవద్దు. ఎడమ పైన, ఎడమ కింద, కుడి పైన, కుడి కింద అని నాలుగు పొట్లాలు కట్టి పేర్లు రాయండి. మొత్తం షిమ్‌ల మందం బేరింగ్ బిగింపును నిర్ణయిస్తుంది. పైన ఎంత, కింద ఎంత అన్న పంపకం నకిల్ ఎత్తును నిర్ణయిస్తుంది. ఆ ఎత్తు తప్పితే షాఫ్టు సీలు మధ్యలో ఉండదు. బరువులో ఏమీ లేని ఈ రేకు ముక్కలే సీలు ఎంతకాలం నిలుస్తుందో తేలుస్తాయి.

డిఫరెన్షియల్ కూడా బయటికి తీయండి. హౌసింగ్ లోపల మిగిలిన ఆయిల్‌ను కిరోసిన్‌తో లేదా సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఒక హెచ్చరిక చాలా శ్రద్ధగా వినండి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ స్ప్రేతో కడిగిన లోహం మీద వెల్డింగ్ చేయవద్దు. ఆర్క్ వేడికి, వెలుగుకు ఆ ద్రావకం విడిపోయి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. కొద్ది మోతాదులోనే అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, లక్షణాలు గంటల తర్వాత గానీ బయటపడకపోవచ్చు. డబ్బా మీద క్లోరిన్ లేదని స్పష్టంగా రాసి ఉంటేనే వాడండి. లేదా అసిటోన్ వాడి పూర్తిగా ఆరనివ్వండి.

వెల్డింగ్‌కు ముందు కొలత

హౌసింగ్‌ను సరైన కొలతలో పట్టి ఉంచే ఖరీదైన జిగ్ అందరి దగ్గరా ఉండదు. దానికి బదులు ఒక సన్నని ఉక్కు తీగ చాలు. లోపలి సీళ్లు తీసేశాక వాటి గూళ్లు రెండూ ఖాళీగా ఉంటాయి. ఆ గూళ్లలో బిగుతుగా కూర్చునే రెండు గుండ్రటి బిళ్లలు లేతు మీద చేయించి, సరిగ్గా నడుమ సన్నని రంధ్రం వేయించండి. రెండు బిళ్లల గుండా తీగను దూర్చి, అటు ఇటు బాగా బిగించి కట్టండి. డిఫరెన్షియల్ తీసిన పెద్ద రంధ్రంలోంచి ఆ తీగ కనిపిస్తుంది. తీగ నుంచి రంధ్రం పై అంచుకు, కింది అంచుకు, వెర్నియర్‌తో కొలిచి సుద్దతో హౌసింగ్ మీదే రాయండి.

వెల్డింగ్ జరుగుతున్నంతసేపూ ఈ రెండు అంకెలే మీకు దారి చూపుతాయి. హౌసింగ్ చివరలు పైకి లేస్తే తీగ పై అంచుకు దగ్గరవుతుంది, కిందికి వంగితే కింది అంచుకు దగ్గరవుతుంది. ఇప్పటికే వంగిన హౌసింగ్ అయితే ముందు ప్రెస్ మీద సరిచేయించి, తర్వాతే బలపరచండి. వంగిన హౌసింగ్ మీద ప్లేట్లు అతికితే ఆ వంపును శాశ్వతం చేసినట్టవుతుంది.

ఏది ఎక్కడ అతకాలి

బండి బరువు స్ప్రింగుల ద్వారా హౌసింగ్ మీద పడుతుంది. చక్రాలు చివర్ల నుంచి పైకి తోస్తాయి. అందువల్ల హౌసింగ్ పైభాగం నలుగుతుంది, కింది భాగం సాగుతుంది. గుంతలో చక్రం గట్టిగా పడినప్పుడు ఈ ఒత్తిడి ఒక్కసారిగా అనేక రెట్లు పెరుగుతుంది. పెద్ద టైర్లు, చక్రాన్ని బయటికి నెట్టే రిమ్‌లు దీన్ని ఇంకా పెంచుతాయి.

నన్నడిగితే మొదట బంతి మెడ దగ్గర బలపరచాలి. హౌసింగ్ గొట్టం బంతిని కలిసే చోట ఆకారం ఒక్కసారిగా మారుతుంది. ఒత్తిడి అక్కడే పేరుకుంటుంది. చాలా బండ్లలో వంపు మొదలయ్యేది, పగుళ్లు కనిపించేది అక్కడే. బంతి వెనక వంపుకు సరిగ్గా ఒదిగేలా కోసిన 5 లేదా 6 మిల్లీమీటర్ల మందం గస్సెట్ ప్లేట్లు (మూలను బలపరిచే ఉక్కు ముక్కలు) పైన ఒకటి, కింద ఒకటి వేస్తే తక్కువ బరువుతో ఎక్కువ లాభం వస్తుంది.

గస్సెట్ ఎంత ముందుకు రావచ్చన్నది ఊహతో తేల్చవద్దు. ప్లేటును రెండు చుక్కలతో తాత్కాలికంగా అతికి, నకిల్‌ను, దాని వెనక ఉండే వైపర్ సీలు (బంతి ముఖాన్ని తుడుస్తూ తిరిగే సీలు) పట్టీలను నిజంగానే బిగించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి చూడండి. పట్టీ బోల్టు తలలు గస్సెట్‌కు కనీసం 4, 5 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. ఇంకో సంగతి. వైపర్ సీలు వలయాలను తర్వాతెప్పుడైనా మార్చాలంటే బంతి వెనక్కి జరిపే కొద్దిపాటి జాగా ఉండాలి. గస్సెట్ ఆ జాగాను మింగేస్తే రేపు ఒక చిన్న ఫెల్టు మార్చడానికి కూడా ఇబ్బంది పడతారు.

రెండోది ట్రస్. అంటే హౌసింగ్ పైన ఈ స్ప్రింగు కూర్చునే చోటు నుంచి ఆ స్ప్రింగు దాకా వంతెనలా వేసే ప్లేటు. దీని ఎత్తు పెరిగే కొద్దీ గట్టితనం బాగా పెరుగుతుంది, కానీ ఎత్తు పెరిగితే ఇంజిన్ ఆయిల్ సంపుకు తగులుతుంది. అతికే ముందు అట్టముక్కతో నమూనా చేసి, స్ప్రింగులు తీసేసిన బండి కింద యాక్సిల్ పెట్టి, జాకీతో బంప్ స్టాప్ తగిలేదాకా ఎత్తి చూడండి. ఒక వైపు మాత్రమే ఎత్తి కూడా చూడండి. సంపు, స్టీరింగ్ రాడ్డు, ప్యాన్‌హార్డ్ రాడ్డు (యాక్సిల్ పక్కకు జరగకుండా ఆపేది), ముందు ప్రొపెల్లర్ షాఫ్టు ఈ నాలుగింటికీ దూరం మిగలాలి. పైన జాగా లేకపోతే ట్రస్ మానేసి, హౌసింగ్ కింది వైపు పొడవునా చదును ప్లేటు వేయండి. సాగే వైపు అదే కాబట్టి అది కూడా బాగానే పనిచేస్తుంది, కాకపోతే నేలకు మిగిలే ఎత్తు కొద్దిగా తగ్గుతుంది.

మూడోది డిఫరెన్షియల్ గుండు ముందు భాగం. రేకును అదిమి చేసిన హౌసింగ్‌లలో ఆ గుండ్రటి మూత పలుచగా ఉంటుంది, రాయి తగిలితే సొట్టపడి లోపల క్రౌన్ వీల్ అనే పెద్ద గేరుకు తగులుతుంది. దాని కింది సగం మీద గుండ్రంగా వంచిన ప్లేటు వేయండి. ఆయిల్ పోసే ప్లగ్, డ్రెయిన్ ప్లగ్ మూసుకుపోకుండా చూడండి.

అన్నీ ఒకేసారి వేయాలనే ఆశ వద్దు. యాక్సిల్ బరువు స్ప్రింగుల కింద ఉండే బరువు. అది పెరిగే కొద్దీ బండి కుదుపు పెరుగుతుంది, షాక్ అబ్జార్బర్లకు పని ఎక్కువవుతుంది. మామూలు టైర్లతో అడవి బాటల్లో తిరిగే బండికి బంతి గస్సెట్లు, గుండు ప్లేటు చాలు. రాళ్ల మీద ఎక్కించే బండికి, పెద్ద టైర్ల బండికి మాత్రమే ట్రస్ అవసరం.

నడిమి గుండు పోత ఇనుముతో చేసి, అందులోకి గొట్టాలు దూర్చి బిగించిన యాక్సిల్ అయితే సంగతి వేరు. పోత ఇనుమును ముందే వేడిచేసి, నికెల్ రాడ్లతో కొద్దికొద్దిగా అతికి, నెమ్మదిగా చల్లార్చాలి. లేకపోతే అతుకు పక్కనే పగులుతుంది. ఆ పని అలవాటున్న వెల్డర్‌కే ఇవ్వండి.

వెల్డింగ్ వేసే తీరు

అతుకు పడే ప్రతి చోటా రంగు, తుప్పు పోయి లోహం మెరిసేదాకా గ్రైండ్ చేయండి. బంతి నున్నటి ముఖాన్ని తడి గుడ్డతో పూర్తిగా చుట్టండి. దాని మీద ఒక్క నిప్పురవ్వ అతుక్కున్నా తర్వాత వైపర్ సీలును కోస్తుంది. బేరింగ్ గిన్నెలు, సీళ్లు ఏవీ లోపల ఉండకూడదు. ఎర్త్ క్లాంపును అతికే చోటుకు దగ్గరగా, హౌసింగ్‌కే పెట్టండి. యాక్సిల్ బండికే ఉండగా ఏదైనా చిన్న అతుకు వేయాల్సి వస్తే బ్యాటరీ తీగలు తీసేయండి, కరెంటు బేరింగ్‌ల గుండా పోకుండా చూడండి. బేరింగ్ గుండా పోయిన కరెంటు దాని రోలర్ల మీద సన్నని గుంటలు పెడుతుంది.

కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది, తన వైపుకు హౌసింగ్‌ను లాగుతుంది. పైన ట్రస్ కోసం పొడవాటి అతుకు ఒకే ఊపులో వేస్తే రెండు చివరలూ పైకి లేస్తాయి. బండి బరువు వంచే దిశ కూడా అదే అని గుర్తుంచుకోండి. అంటే అజాగ్రత్త వెల్డింగ్ ఏళ్ల తరబడి రాళ్లలో తిరిగితే వచ్చే వంపును ఒక్క సాయంత్రంలో తెచ్చిపెడుతుంది.

కాబట్టి ముందు అన్ని ప్లేట్లనూ చుక్కలతో నిలపండి. తర్వాత 25 నుంచి 40 మిల్లీమీటర్ల చిన్న ముక్కలుగా అతకండి. ఎడమ ముందు ఒకటి, కుడి వెనక ఒకటి, మళ్లీ కుడి ముందు, ఎడమ వెనక, ఇలా దూరదూరంగా మారుస్తూ వెళ్లండి. పైన కొన్ని వేశాక హౌసింగ్‌ను తిప్పి కింది గస్సెట్‌కు కొన్ని వేయండి. నాలుగైదు ముక్కలు కాగానే ఆగండి. అతుకు పక్కన చేయి పెట్టగలిగేంత చల్లారనివ్వండి. నీళ్లు పోసి చల్లార్చవద్దు. ఉక్కు పెళుసు బారుతుంది.

ప్రతి విరామంలో తీగ కొలత చూడండి. అర మిల్లీమీటరు లోపు తేడా ఉంటే కొనసాగించండి. పై అంచుకు దగ్గరవుతోందని కనిపిస్తే తర్వాతి ముక్కలు కింది వైపు ఎక్కువ వేయండి. ఆ విధంగా అతుకు లాగే గుణమే హౌసింగ్‌ను తిరిగి నిటారు చేస్తుంది. పని పూర్తయ్యాక తేడా ఒక మిల్లీమీటరు దాటితే సీళ్ల దాకా వెళ్లకుండా ప్రెస్ మీద సరిచేయించండి.

ట్రస్‌కు హౌసింగ్‌కు మధ్య ఖాళీ గది మిగిలితే అందులో నీరు, బురద నిలిచి లోపలి నుంచి తుప్పు పడుతుంది. అయితే అతుకును చుట్టూ పూర్తిగా మూసేయండి, లేదంటే అడుగున నీరు కారే రంధ్రాలు వదలండి. సగం మూసి వదలడం రెండింటికన్నా చెడ్డది.

బంతి ముఖం, లోపలి సీలు

హౌసింగ్ లోపలంతా బ్రష్‌తో, గుడ్డతో తుడవండి. వెల్డింగ్ వేడికి ఊడిన పెచ్చు ఒక్కటి మిగిలినా ఆయిల్‌తో కలిసి బేరింగ్‌కు చేరుతుంది.

బంతి ముఖాన్ని 400 నంబరు, తర్వాత 600 నంబరు నీటి ఎమరీ కాగితంతో అడ్డంగా, నకిల్ తిరిగే దిశలో రుద్దండి. కళ్లు మూసుకుని వేలికొన జరిపి చూడండి. కంటికి కనిపించని గుంటలు వేలికి తెలుస్తాయి. చిన్న గుంటలను లోహపు ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక నున్నగా రుద్దవచ్చు. సీలు ఒరుసుకునే చోట పెద్ద పొలుసులుగా పైపూత లేచిపోయి ఉంటే, బంతి విడిగా దొరికే బండ్లలో అది మార్చేయడమే మేలు. ఎంత అతుకులు వేసినా అక్కడ వైపర్ సీలు నిలవదు.

లోపలి సీలు విషయానికి వస్తే, ముందు షాఫ్టును చూడండి. సీలు తిరిగిన చోట వెలుతురులో ఒక మెరిసే పట్టీ కనిపిస్తుంది. దాని మీద గోరును అడ్డంగా లాగండి. గోరు చిక్కుకుంటే గాడి పడింది, కొత్త సీలు కూడా అక్కడ కారుతుంది. పలుచటి ఉక్కు మరమ్మతు స్లీవ్ ఆ చోట తొడిగించవచ్చు. గూడు లోతు అనుమతిస్తే సీలును ఒక మిల్లీమీటరో రెండో ముందుకో వెనక్కో కూర్చోబెట్టి, లిప్ కొత్త చోట ఒరుసుకునేలా చేయవచ్చు.

సీలును సుత్తితో నేరుగా కొట్టవద్దు. దాని బయటి అంచుకు సరిపోయే సాకెట్ గానీ, గొట్టం ముక్క గానీ పెట్టి, నాలుగు వైపులా సమంగా కూర్చునేలా నెమ్మదిగా దించండి. స్ప్రింగు ఉన్న ముఖం ఆయిల్ వైపు, అంటే డిఫరెన్షియల్ వైపు ఉండాలి. లిప్‌కు గ్రీజు రాయండి. పొడి లిప్ మొదటి కిలోమీటరులోనే కాలిపోతుంది.

డిఫరెన్షియల్ తిరిగి బిగించాక షాఫ్టు దూర్చేటప్పుడు ఇద్దరుంటే మంచిది. ఒకరు బయటి నుంచి బరువు మోయాలి, రెండోవారు స్ప్లైన్ పళ్లు లిప్‌కు తగలకుండా దారి చూపాలి. పళ్ల మీద పలుచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి సీలు దాటించి, తర్వాత లాగేస్తే ఇంకా భద్రం, కాగితం ముక్క లోపల మిగలకపోతే చాలు. కొత్త సీలు మొదటి రోజే కారిందంటే ఎక్కువసార్లు కారణం షాఫ్టును దాని మీద వేలాడనిచ్చి ఈడ్చడమే.

నకిల్ బిగింపు

నకిల్ ఎక్కించే ముందే వైపర్ సీలు వలయాలు బంతి మీదుగా వెనక్కి వేసి ఉంచండి. వీటిని మరచిపోయి అంతా బిగించి, మళ్లీ విప్పేవాళ్లు చాలామంది ఉంటారు. వలయాల వరుస విప్పినప్పుడు ఫోనులో తీసిన ఫోటో చూసి వేయండి. ఫెల్టును ముందే ఆయిల్‌లో నానబెట్టండి.

కొత్త కింగ్‌పిన్ బేరింగ్‌లు, పాత షిమ్‌లు వాటి వాటి చోట్ల పెట్టి బిగించండి. షాఫ్టు, వైపర్ సీలు లేకుండా, స్టీరింగ్ ఆర్మ్‌లో టై రాడ్ రంధ్రానికి స్ప్రింగు త్రాసు తగిలించి, ఆర్మ్‌కు లంబంగా లాగండి. నకిల్ కదలడం మొదలైనప్పుడు త్రాసు చూపే అంకె మాన్యువల్ పరిధిలో ఉండాలి. తక్కువైతే వదులు, స్టీరింగ్ చేతుల్లో వణుకుతుంది. అప్పుడు షిమ్‌లు తగ్గించాలి. ఎక్కువైతే కలపాలి. తగ్గించినా కలిపినా పైన, కింద సమంగా పంచండి, లేకపోతే షాఫ్టు నడిమధ్య నుంచి జరుగుతుంది.

స్టీరింగ్ ఆర్మ్ స్టడ్‌లను మీరు ప్రత్యేకంగా పట్టించుకోవాలని కోరుతున్నాను. ఇవి వదులైతే నకిల్‌లోని రంధ్రాలు కోలగా అరిగి, చివరికి స్టడ్‌లు తెగుతాయి. తెగిన క్షణంలో ఆ చక్రం స్టీరింగ్ మాట వినదు. ముందు యాక్సిల్‌లో ప్రాణాలకు ముప్పు తెచ్చే చోటు ఇదే. మరలు సాగిన స్టడ్‌లను మళ్లీ వాడకండి. కొత్తవి వేసి, మరలు శుభ్రంచేసి, థ్రెడ్ లాకర్ రాసి, టార్క్ రెంచితోనే బిగించండి. నట్ల మీద రంగు గీత గీయండి. కదిలితే కంటికి కనిపిస్తుంది.

గ్రీజు మాలిబ్డినం కలిసినది వాడండి. ముందు జాయింటు బంతుల మధ్యలోకి వేళ్లతో బాగా ఎక్కించి, తర్వాత నకిల్ గదిని సుమారు ముప్పావు వంతు నింపండి. నిండుగా కూరితే వేడికి వ్యాకోచించే చోటు ఉండదు. కొన్ని ల్యాండ్ రోవర్లలో నకిల్‌కు పలుచటి ప్రత్యేక గ్రీజు లేదా ఆయిల్ వాడతారు. అక్కడ మాన్యువల్ మాటే వినండి.

స్పిండిల్, హబ్, పినియన్

స్పిండిల్ గాస్కెట్, హబ్ వెనక సీలు, లాకింగ్ హబ్ ఓ-రింగు కొత్తవి వేయండి. సిలికాన్ సీలెంట్ వాడేచోట రెండు ముఖాలనూ అసిటోన్‌తో తుడిచి, 2, 3 మిల్లీమీటర్ల సన్నని గీతలా, బోల్టు రంధ్రాల లోపలి వైపు నుంచి తెగకుండా గీయండి. ఎక్కువ పూస్తే ఎక్కువ రక్షణ అనుకోవద్దు. లోపలికి పిండుకున్న సిలికాన్ ముక్కలై ఊడి ఆయిల్ దారులకు అడ్డం పడుతుంది. సీలెంట్ పూర్తిగా గట్టిపడేదాకా, సాధారణంగా 24 గంటలు, ఆయిల్ పోయవద్దు.

పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్టుతో తిరుగుతూ క్రౌన్ వీల్‌ను తిప్పే చిన్న గేరు) సీలు మార్చాలంటే నట్టు విప్పే ముందు నట్టుకు, షాఫ్టుకు, ఫ్లాంజ్‌కు కలిపి గుర్తు పెట్టండి. చాలా డిఫరెన్షియల్‌లలో ఆ నట్టే పినియన్ బేరింగ్‌ల బిగింపును కూడా నిర్ణయిస్తుంది.

బ్రీదర్‌ను పైకి తీసుకెళ్లండి

నీటి విషయంలో ఖర్చుకు తగిన ఫలితం ఇంతగా ఇచ్చే పని మరొకటి లేదు. దూరం నడిచిన బండి యాక్సిల్ వేడిగా ఉంటుంది. అది చల్లటి నీటిలో దిగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది, లోపల పీడనం తగ్గుతుంది. దారి ఎక్కడ దొరికితే అక్కడి నుంచి పీల్చుకుంటుంది. బ్రీదర్ నీటిలో మునిగి ఉంటే నీటినే పీలుస్తుంది, మూసుకుపోయి ఉంటే సీళ్ల గుండా పీలుస్తుంది. ఆయిల్‌ను లోపల ఆపడానికి చేసిన సీలు బయటి నుంచి వచ్చే నీటిని అంత బాగా ఆపలేదు.

హౌసింగ్ మీది బ్రీదర్ తీసి, ఆ మరకు సరిపోయే గొట్టపు కొస బిగించండి. ఆయిల్‌ను, వేడిని తట్టుకునే సుమారు 8 మిల్లీమీటర్ల గొట్టాన్ని ఇంజిన్ గదిలో వీలైనంత ఎత్తుకు, వెనక గోడ దగ్గరికి తీసుకెళ్లి, చివర చిన్న ఫిల్టర్ పెట్టండి. యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు గొట్టం బిగిసిపోకుండా తగినంత వదులు ఉంచండి. ఆ వదులు ఎక్కడా కిందికి జారిన మడతలా ఉండకూడదు. మడతలో ఆవిరి చల్లబడి నీరు నిలిస్తే గొట్టం మూసుకున్నట్టే. సైలెన్సర్ గొట్టానికి దూరంగా కట్టండి.

పరీక్ష

ఆయిల్ పోయకముందే గాలితో పరీక్షించండి. బ్రీదర్ గొట్టం చివర ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్, చిన్న మీటరు పెట్టి 0.1 నుంచి 0.2 బార్ వరకు మాత్రమే గాలి ఎక్కించండి. అంతకు మించితే కొత్త సీళ్ల లిప్‌లు తిరగబడతాయి. కంప్రెసర్‌ను నేరుగా తగిలించవద్దు. సైకిల్ పంపుతో నెమ్మదిగా కొట్టినా సరిపోతుంది. వెల్డింగ్ అతుకులు, డిఫరెన్షియల్ అంచు, పినియన్, ప్లగ్‌ల మీద సబ్బునీరు రాసి చూడండి. అతుకుల్లో సూదిమొన రంధ్రాలు ఇప్పుడే బుడగలుగా బయటపడతాయి. లోపలి సీళ్లు బంతి లోపల ఉంటాయి కాబట్టి, ఒక్కో వైపు షాఫ్టు దూర్చాక, స్పిండిల్ బిగించక ముందే ఈ పరీక్ష చేస్తే వాటినీ చూడవచ్చు. మరో వైపు గూటిని తాత్కాలికంగా మూస్తే చాలు.

అంతా సరిగా ఉంటే మాన్యువల్ చెప్పిన గ్రేడు ఆయిల్ పోయండి. చాలా బండ్లకు అది జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90. లెవెల్ ప్లగ్ అంచు దాకా రావాలి. కాసేపు ఆగి, గొట్టాల్లోకి ఆయిల్ సర్దుకున్నాక మళ్లీ చూసి తక్కువైనంత పోయండి. క్యాంబర్ మళ్లీ కొలిచి, మొదట రాసుకున్న అంకెలతో పోల్చండి. టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న తీరు) కొలిచి, మాన్యువల్ అంకెతో పోల్చండి.

మొదటి 100 కిలోమీటర్ల తర్వాత స్టీరింగ్ ఆర్మ్ నట్లు, నకిల్ బోల్టులు, వీల్ బేరింగ్ బిగింపు మళ్లీ చూడండి. అప్పుడే బంతి వెనక తుడిచి చూడండి. కొద్దిపాటి చిక్కటి గ్రీజు బయటికి రావచ్చు, పలుచగా రాకూడదు. మొదటిసారి లోతైన నీటిలో దిగాక బండిని రాత్రంతా నిలిపి, మర్నాడు డ్రెయిన్ ప్లగ్ వదులు చేసి కొన్ని చుక్కలు గాజు సీసాలో పట్టండి. నీరు కనిపిస్తే ఆ రోజే ఆయిల్ మార్చి, బ్రీదర్ గొట్టం అతుకుల నుంచి వెతకడం మొదలుపెట్టండి.